గొంతుకు చోటు: తొలి సింఫనిక్ మెటల్ ఆల్బమ్ ప్రాజెక్టు డైరీ

ఎనిమిది పాటలు, ముందు ఒక చిన్న ఆర్కెస్ట్రా ముక్క. మొత్తం 43 నిమిషాలు దాటకూడదని మొదటే గీత గీసుకున్నాం. వినైల్ రికార్డు ఒక్కో వైపు 22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుంది. సెషన్లన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. బ్యాండులో డ్రమ్స్, బాస్, గిటార్, కీబోర్డు, గాయని. ఆర్కెస్ట్రా ఎక్కువ భాగం శాంపిల్ లైబ్రరీలదే (ముందే రికార్డు చేసి ఉంచిన వాద్య స్వరాలు), పైన కొద్దిగా అసలు తీగవాద్యాలు. సింఫనిక్ మెటల్‌లో, అంటే మెటల్ గిటార్లకి ఆర్కెస్ట్రా కలిపే ఈ శైలిలో, ఇది కొత్తేమీ కాదు. ఫిన్లాండ్ బ్యాండు నైట్‌విష్ 1997లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో ఆర్కెస్ట్రా పనంతా దాదాపు కీబోర్డే చేసింది. 2003లో డచ్ బ్యాండు ఎపికా తొలి ఆల్బమ్ నాటికి చిన్న తీగవాద్య బృందం, మనుషులు పాడిన బృందగానం వచ్చి చేరాయి. మేం ఈ రెంటికీ నడుమ ఉన్నాం.

1వ వారం: శ్రుతులు

పాటలన్నీ గిటార్ మీద పుట్టినవే. గిటార్‌ని మామూలు కంటే ఒక పూర్తి స్వరం దించి డి స్టాండర్డ్‌లో పెట్టుకున్నాం (25.5 అంగుళాల స్కేలు, 11 నుంచి 54 తీగల సెట్టు). అందుకే ప్రతి రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ పలుకు) అడుగు తీగ డి చుట్టూనే తిరుగుతుంది. గిటార్‌కి అది సుఖం. గొంతుకి సుఖమా కాదా అని అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

మా గాయనిది నిండైన మెజో గొంతు, అంటే స్త్రీ గొంతుల్లో నడిమి రకం. (కింద స్వరం పక్కన ఉన్న అంకె దాని స్థాయి, అంకె పెద్దదైతే పై స్థాయి.) ఏ3 నుంచి జి5 దాకా ధారాళంగా పలుకుతుంది, ఏ5 అవసరమైతేనే. ఇ5, ఎఫ్5 మధ్య గొంతు ఒక రకం నుంచి ఇంకో రకానికి మారే మలుపు ఉంది. ఆ మలుపు మీదుగా వెళ్లొచ్చు, దాని మీద కాపురం పెట్టకూడదు. కాబట్టి ఒక్కో పల్లవికి కాగితం మీద లెక్క వేశాం: అత్యున్నత స్వరం ఏది అని కాదు, ఎక్కువ సేపు ఏ స్వరాల మీద నిలబడుతోంది అని. మూడు పాటలు తేడాగా కనిపించాయి.

మూడో పాట పల్లవి జి4, ఏ4 మీద కూర్చుంది. ఒంటరిగా పాడితే ఎంతో బాగుంది, గిటార్లు మోగగానే మునిగిపోయింది. ఆ ఎత్తులో ఆమె గొంతు పూర్తి బలంతో మోగదు. మూడు అర్ధస్వరాలు పెంచితే బి ఫ్లాట్4, సి5 మీదికి వస్తుంది, కానీ పాటంతా ఎఫ్ మైనర్‌కి మారిస్తే రిఫ్‌కి ఓపెన్ తీగ (వేలు పెట్టకుండా మోగించేది) పోతుంది. అందుకని చరణం డి మైనర్‌లోనే ఉంచి, పల్లవిని మాత్రం ఎఫ్ మైనర్‌కి ఎత్తాం. నడుమ రెండు బార్ల సి మేజర్ కార్డ్. అది డి మైనర్‌కి ఇంటి మనిషే, ఎఫ్ మైనర్‌కి తలుపు తెరిచేదీ అదే. పాట ముందుకంటే గంభీరంగా వచ్చింది, ఇది అనుకోని లాభం.

అయిదో పాట పల్లవి 40 సెకన్ల పాటు ఇ5ని పట్టుకుని వేలాడుతోంది. పూర్తి స్వరం దించి ఇ మైనర్ నుంచి డి మైనర్‌కి తెచ్చాం. గిటారిస్టుకి ఓపెన్ తీగ దొరికింది, గాయనికి ఊపిరి దొరికింది.

ఏడో పాట చివర పల్లవిని ఒక స్వరం ఎత్తడం రాసుకున్నాం. అలా చేస్తే బి5 వస్తుంది. డెమోలో ఒకసారి పలికింది, కానీ ఒకసారి పలికిన స్వరాన్ని నమ్మి ఆల్బమ్ రాయకూడదు. ఎత్తడం తీసేసి, అదే చోట వయొలిన్లను ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి పంపి, బృందగానం చేర్చాం. పాట ఎత్తుకెళ్లినట్టే వినిపిస్తుంది, గొంతు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

సాహిత్యం కూడా ఈ వారమే సరిచూశాం. డి5 అంటే 587 హెర్ట్జ్. ఇ, ఉ అచ్చులకు నోటిలో పుట్టే మొదటి ప్రతిధ్వని 300, 400 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. పాడే స్వరమే దాన్ని దాటి పైకి వెళ్లిపోతే గాయని ఎంత ప్రయత్నించినా ఆ అచ్చు స్పష్టంగా రాదు, నోరు తెరవక తప్పదు, అన్నీ ఆకారంలా వినిపిస్తాయి. ఇది గొంతు లోపం కాదు, శబ్దశాస్త్రం. కాబట్టి డి5 పైన పొడుగ్గా పట్టే ప్రతి మాటనీ ఆ, ఓ అచ్చులున్న మాటగా మార్చాం. ఎనిమిది పాటల్లో 19 చోట్ల మాటలు మారాయి.

2వ వారం: టెంపో మ్యాప్

ఒక్క వాద్యం రికార్డు చేయకముందే ప్రతి పాటకీ టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగమో చెప్పే పటం) ఖాయం చేశాం. ఆర్కెస్ట్రా మిడి (శాంపిళ్లను మోగించే కంప్యూటర్ సూచనలు), క్లిక్ (హెడ్‌ఫోన్లో లయ టిక్కులు), స్టేజీ ట్రాకులు అన్నీ దాని మీదే కూర్చుంటాయి. తర్వాత మారిస్తే అన్నీ కదులుతాయి. ఆరో పాట ముగింపు నిమిషానికి 96 బీట్ల నుంచి 72కి రెండు బార్లలో తగ్గాలి. మెట్లు మెట్లుగా తగ్గించి చూస్తే బండి గతుకుల మీద పోతున్నట్టుంది. కీబోర్డు మీద క్లిక్ లేకుండా ఆ రెండు బార్లు వాయించి, ఆ బీట్ల మీదుగా టెంపో గీత గీశాం. సరిపోయింది.

ప్రమాణ శ్రుతి ఏ4 = 440 హెర్ట్జ్ అని అందరికీ రాతపూర్వకంగా చెప్పాం. తీగవాద్యకారుల్లో 442కి శ్రుతి చేసుకునేవాళ్లు చాలామంది. శాంపిల్స్ 440లో, వయొలిన్ 442లో ఉంటే తేడా 8 సెంట్లు (అర్ధస్వరంలో వందో వంతు ఒక సెంటు). చిన్నదే కానీ పొడుగు స్వరాల్లో అలలా కొట్టుకుంటుంది.

3, 4 వారాలు: డ్రమ్స్

మొత్తం 14 చానెళ్లు: ఓవర్‌హెడ్లు (పై నుంచి పట్టే మైకులు) 2, కిక్‌కి మైకు ఒకటి, ట్రిగ్గర్ (దెబ్బని సంకేతంగా మార్చేది) ఒకటి, స్నేర్ పైనా కిందా 2, టామ్‌లు 4, హైహ్యాట్ 1, రైడ్ 1, గది మైకులు 2. రెండు ఓవర్‌హెడ్లూ స్నేర్ నడుమ నుంచి సమాన దూరంలో ఉండాలి. దారం కట్టి కొలిచాం, 115 సెంటీమీటర్లు. స్నేర్ కింది మైకు పై మైకుకి ఎదురు తిరగకుండా దాని పోలారిటీ తిప్పాం.

అతి వేగమైన పాట 176 బీపీఎం (నిమిషానికి బీట్లు). రెండు పాదాలతో కొట్టే కిక్ డ్రమ్ పదహారో వంతు స్వరాల్లో సాగుతుంది, అంటే ఒక దెబ్బకీ మరో దెబ్బకీ నడుమ 85 మిల్లీ సెకన్లే. మా కిక్ మోత 140 దాకా సాగుతోంది. దెబ్బ మీద దెబ్బ పడి ఉరుములా ముద్దయింది. లోపల దిండు పెట్టి 70కి తెచ్చాక విడివిడిగా వినిపించింది. ట్రిగ్గర్ సంకేతంతో శాంపిల్ కలిపేటప్పుడు అసలు కిక్‌కీ దానికీ కాలం తేడా చూసుకోవాలి. 5 మిల్లీ సెకన్లు జరిగితే 100 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. కిక్‌కి శాంపిల్ చేర్చాక బలం తగ్గిందంటే కారణం చాలాసార్లు ఇదే.

మొదటి రోజు టేకులు పారేశాం. తాళాల (సింబల్స్) దెబ్బ, అదీ క్రాష్ మీద, గట్టిగా ఉంది. 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య ఆ సవ్వడి పరుచుకుంటే గొంతుకి మిగిలేదేమీ ఉండదు. ఓవర్‌హెడ్లో పడ్డదాన్ని మిక్స్‌లో విడదీయడం పాలలో కలిసిన నీళ్లు వేరు చేయడమే. పల్లవిలో క్రాష్ మీద సాగే లయని రైడ్‌కి మార్చి, స్నేర్, టామ్‌లు గట్టిగా, తాళాలు మెత్తగా వాయించమన్నాం. రెండో రోజు నుంచి పని సాగింది.

5వ వారం: గిటార్, బాస్

ఎడమ ఒకటి, కుడి ఒకటి, అంతే. నాలుగు పొరలు వేస్తే గోడ దట్టంగా ఉంటుంది, ఆ గోడలో ఆర్కెస్ట్రాకి కిటికీ కూడా దొరకదు. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మామూలుగా పెట్టేదానికంటే మూడో వంతు తగ్గించాం. ఒంటరిగా వింటే పేలవం, అన్నిటితో కలిస్తే సరి. ప్రతి టేకునీ డీఐ ద్వారా (ఆంప్ లేకుండా నేరుగా) శుభ్రంగా కూడా దాచాం, తర్వాత ఆంప్‌లోకి మళ్లీ పంపుకోవడానికి. స్పీకర్ ముందు ఒకే ఎస్‌ఎమ్57 మైకు. సరిగ్గా నడుమ పెడితే 3 కిలోహెర్ట్జ్ దగ్గర గీరుతుంది, సెంటీమీటరున్నర పక్కకి జరిపాక చల్లబడింది. ప్రతి రెండు పాటలకీ తీగలు మార్చడం, ప్రతి టేకుకీ ముందు శ్రుతి చూడడం. శ్రుతిని పిక్ తగిలిన క్షణంలో చూడాలి. దించిన తీగ గట్టిగా కొడితే ముందు పైకి పోయి, తర్వాత కిందికి దిగుతుంది.

బాస్‌ని రెండుగా చీల్చాం: 200 హెర్ట్జ్ కింద శుభ్రంగా, గట్టి కంప్రెషన్‌తో (హెచ్చుతగ్గులు సమం చేసి); పైన డిస్టార్షన్‌తో. రెండు రోజుల్లో అయిపోయింది.

6 నుంచి 8 వారాలు: ఆర్కెస్ట్రా

ఎక్కువ తప్పులు ఇక్కడే చేశాం, ఎక్కువ దిద్దుకున్నదీ ఇక్కడే.

మొదటి డ్రాఫ్టులో కీబోర్డు మీద మూడు వేళ్లతో కార్డ్ పట్టి తీగవాద్యాల శబ్దం పెట్టారు. 14 వయొలిన్ల శాంపిల్‌లో మూడు స్వరాలు నొక్కితే 42 వయొలిన్లు మోగుతాయి. అలాంటి ఆర్కెస్ట్రా ఎక్కడా ఉండదు, చెవికి ప్లాస్టిక్‌లా తగలడానికి అదే మొదటి కారణం. మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలా, చెల్లో, డబుల్ బాస్ అని విడివిడిగా ఒక్కో గీతగా మళ్లీ రాశాం. ప్రతి గీతనీ సీసీ1, సీసీ11 (బలం, శబ్దం మార్చే మిడి నియంత్రణలు) స్లయిడర్లు చేతితో కదుపుతూ వాయించాం. మౌస్‌తో గీసిన పెరుగుదల ఎంత నున్నగా ఉన్నా బిగుసుకుపోయి ఉంటుంది.

ఆలస్యం సంగతి. లెగాటో (తెగకుండా కలిపి వాయించే) శాంపిల్‌లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే భాగం కూడా రికార్డై ఉంటుంది, కాబట్టి కొత్త స్వరం లయ కంటే వెనక పడుతుంది. మేం వాడిన లైబ్రరీల్లో ఇది ఒక్కో వాద్యానికీ 60 నుంచి 250 మిల్లీ సెకన్ల దాకా తేడాగా ఉంది. ఒక్కో ట్రాకునీ కొలిచి, అంత మేర ముందుకు జరిపాం. ఈ పని చేయకముందు ఆర్కెస్ట్రా అంతా డ్రమ్స్ వెనక ఈడ్చుకుంటూ వచ్చేది, అందరూ డ్రమ్మర్ తొందరపడుతున్నాడన్నారు.

మంద్రంలో ఎవరు ఉండాలన్నది ఇంకో తగువు. గిటార్ అడుగు డి 73 హెర్ట్జ్, బాస్ గిటార్ దానికి ఒక స్థాయి కింద 37. చెల్లో అడుగు స్వరం 65. అందరూ ఆ గదిలోకే దూరితే బురదే. గిటార్ తీగ నొక్కి కొట్టే రిఫ్ నడుస్తున్నప్పుడు డబుల్ బాస్ మౌనం, చెల్లో జి3 పైన. గిటార్లు ఆగిన చోట మాత్రం రెండూ కిందికి దిగుతాయి. అప్పుడు ఆ దిగడం తెలుస్తుంది.

గిటార్ వాయించే పవర్ కార్డ్‌లో (మూలస్వరం, అయిదో స్వరం మాత్రమే) మూడో స్వరం ఉండదు. డిస్టార్షన్‌లో అది వేస్తే స్వరాలు ఒకదానితో ఒకటి గుద్దుకుని గరగరమంటాయి. పాట మేజరా మైనరా చెప్పే ఆ స్వరాన్ని హార్న్‌లకీ వయోలాలకీ ఇచ్చాం. ఆర్కెస్ట్రా అలంకారంగా కాక అవసరంగా మారేది ఇక్కడే.

గొంతు నడిచే చోట మొదటి వయొలిన్లను ఒక స్థాయి కిందికి దించాం, లేదా పొడుగు స్వరం మీద నిలిపాం. గొంతు ఊపిరి తీసుకునే ఖాళీలో వాళ్ల పరుగు. గాయనికి ఎదురుగా పోటీ పాట రాయడం కీబోర్డు వాళ్లకి ఎప్పుడూ ఉండే కోరిక, ఈ ఆల్బమ్‌లో దాన్ని 11 చోట్ల కొట్టేశాం.

అసలు వాద్యాలు: ఒక వయొలిన్, ఒక చెల్లో. మొదటి వయొలిన్ గీత మూడుసార్లు, రెండోది మూడుసార్లు, చెల్లో రెండుసార్లు. మొదటిసారి అన్నీ ఒకే కుర్చీలో, ఒకే మైకు దూరంలో తీశాం. మూడు వయొలిన్లలా కాక, ఒకే వయొలిన్‌కి ఎఫెక్ట్ పెట్టినట్టు వినిపించింది. కుర్చీ జరిపి, మైకు దూరం 1, 1.5, 2 మీటర్లుగా మార్చి మళ్లీ తీశాక విడిపోయాయి. మిక్స్‌లో వీటి మోతాదు తక్కువే. విల్లు తీగని రాసే ఆ చిన్న గరుకు వినిపిస్తే చాలు, వెనకున్న శాంపిళ్లను కూడా చెవి నమ్మేస్తుంది.

9వ వారం: బృందగానం

ఆరుగురు. పై స్త్రీ గొంతు ఇద్దరు, కింది స్త్రీ గొంతు ఇద్దరు, టెనార్ ఒకరు, బాస్ ఒకరు. స్త్రీలు నాలుగేసి సార్లు, పురుషులు ఆరేసి సార్లు పాడితే 8, 8, 6, 6, మొత్తం 28 గొంతులు. ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి. 28 గొంతుల స కారాలు 28 చోట్ల పడితే పాము బుసకొట్టినట్టుంటుంది. మొదటి టేకులో మాత్రమే స, త లాంటి హల్లులు పలికించి, మిగతా వాటిలో మింగేయమన్నాం. ప్రధాన గాయనిని ఇందులో పాడనివ్వలేదు. ఆమె గొంతు వెనక కూడా ఉంటే, ముందున్న గొంతు అంచు చెదిరిపోతుంది.

10 నుంచి 13 వారాలు: ప్రధాన గొంతు

పది సెషన్లు, ఒక్కోటి రెండున్నర గంటలు, నడుమ ఒక రోజు విరామం. ముందు కింది స్థాయి చరణాలు, గొంతు వేడెక్కాక పల్లవులు, ఏ5 ఉన్న రెండు చోట్లూ సెషన్ చివర మూడు టేకులకు మించకుండా. నాలుగోది ఎప్పుడూ మూడోదానికంటే బాగా రాలేదు.

మైకులు మూడు రకాలు చూశాం. పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మెత్తటి చరణాల్లో ఊపిరిని కూడా పట్టింది, పల్లవిలో మాత్రం చెవిలో సూదిలా గుచ్చింది. శిక్షణ ఉన్న గొంతుకి సుమారు 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శక్తి గుట్ట ఉంటుంది, ఆర్కెస్ట్రా మీదుగా మైకు లేకుండా వినిపించేది దానివల్లే. చాలా కండెన్సర్లు కాంతి కోసం ఆ దగ్గరలోనే కొంచెం పెంచుతాయి. రెండూ కలిస్తే నొప్పి. పల్లవులకి రిబ్బన్ మైకు పెట్టాం. రిబ్బన్ వెనక నుంచి కూడా వింటుంది కాబట్టి వెనక మందపాటి దుప్పట్లు. చరణాలకి కండెన్సర్, 15 సెంటీమీటర్లు. పల్లవులకి రిబ్బన్, 60 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, 15 నుంచి 60కి 12. మెత్తటి మాటకీ పూర్తి గొంతుకీ మధ్య తేడాలో సగం దాకా ఇక్కడే సర్దుకుంది, కంప్రెసర్ కుస్తీ పట్టాల్సిన పని తప్పింది. రికార్డింగ్ శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వలేదు.

హెడ్‌ఫోన్ మిక్స్ మీద రెండు సెషన్లు నష్టపోయాం. గిటార్లు నిండుగా ఇచ్చినప్పుడు ఆమె స్వరం కొంచెం కింద పడుతోంది. డిస్టార్షన్ గిటార్‌లో స్వరం అంచు మసకగా ఉంటుంది, శ్రుతికి ఆసరా దొరకదు. పైగా శబ్దం ఎక్కువైతే తన గొంతు తనకి వినిపించక తోసి పాడతారు. గిటార్లు సగానికి తగ్గించి, పియానో, చెల్లో పెంచి, ఒక చెవి బయట పెట్టుకోమన్నాం. అదే రోజు శ్రుతి కుదిరింది. ముగింపు చోట్ల క్లిక్‌ని ఆటోమేషన్‌తో తగ్గించాలి, లేదంటే పొడుగు స్వరం ఆరిపోయేటప్పుడు హెడ్‌ఫోన్ నుంచి టిక్కు టిక్కుమని మైకులో పడుతుంది. నాలుగో పాటలో పడింది, మళ్లీ పాడించాం.

ఒక్కో భాగానికి అయిదారు టేకులు. ఏరడం మాట మాటగా కాదు, ఊపిరి ఊపిరిగా: ఒక ఊపిరిలో పాడినదంతా ఒకే టేకు నుంచి. మాటలు అతికిస్తే శ్రుతి తప్పదు కానీ భావం తెగుతుంది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌ని స్వరం నడిమి బిందువు వరకే వాడాం. వైబ్రాటో సెకనుకి 5 నుంచి 7 సార్లు ఊగుతుంది. దాన్ని చదును చేస్తే గాయని పోయి కీబోర్డు మిగులుతుంది.

14 నుంచి 17 వారాలు: మిక్స్

ఆరో పాటలో 142 ట్రాకులు. వాటిని పది గుంపులుగా దింపుకుని కొత్త సెషన్‌లో మిక్స్ చేశాం, లేకపోతే కంప్యూటర్ ఊపిరాడక ఆగుతోంది. గిటార్ గుంపు మీద డైనమిక్ ఈక్యూ (అవసరమైనప్పుడే కొన్ని స్వరాల పట్టీని తగ్గించేది), దాన్ని నడిపేది గొంతు: ఆమె పాడినప్పుడు 2.4 నుంచి 3.6 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, ఆపగానే తిరిగొస్తుంది. ముందు 6 పెట్టాం. ప్రతి మాటకీ గిటార్లు తలవంచడం తెలిసిపోయింది.

ఆర్కెస్ట్రాకి 2.4 సెకన్ల హాల్ రివర్బ్. గొంతుకి అదే హాల్ కొద్దిగా, దానితోపాటు 1.6 సెకన్ల ప్లేట్ రివర్బ్, 50 మిల్లీ సెకన్ల ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఆలస్యం). రివర్బ్‌లోకి వెళ్లే దారిలో 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కత్తిరించాం. కిక్, బాస్ పొడిగా. ఫోన్ స్పీకర్‌లో, మోనోలో, అతి తక్కువ శబ్దంలో వింటే పల్లవిలో గొంతు, స్నేర్ రెండే మిగలాలి. మూడో పాట ఈ పరీక్షలో తప్పింది. గొంతు పెంచలేదు, ట్రంపెట్లు 2 డెసిబెల్స్ తగ్గించాం.

18వ వారం: మాస్టరింగ్

మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి తెలిసే సగటు శబ్ద బలం కొలత) తోస్తే బృందగానం వచ్చినప్పుడు పాట పెరగాల్సింది పోయి చిన్నదైంది. మైనస్ 9.5 దగ్గర ఆగాం, ట్రూ పీక్ (అత్యధిక శిఖరం) మైనస్ 1. స్పాటిఫై ఎలాగూ డిఫాల్ట్‌గా మైనస్ 14కి దించేస్తుంది, ఇంకా గట్టిగా నొక్కి గెలిచేదేమీ లేదు. ఆర్కెస్ట్రా ముక్క మైనస్ 16లోనే ఉంది, అలాగే వదిలేశాం. సీడీకి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, డిథర్‌తో (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నని రొద).

వినైల్‌కి లిమిటర్ (శిఖరాలను నొక్కే సాధనం) లేని వేరే మాస్టర్, 120 హెర్ట్జ్ కింద అంతా మోనో. వైపు ఏ 21 నిమిషాల 40 సెకన్లు, వైపు బి 21 నిమిషాల 20 సెకన్లు. రికార్డు లోపలి గాడుల్లో సూది కింద జరిగే పొడవు తగ్గిపోతుంది, పై స్వరాలు ఇరుక్కుని స కారాలు చిట్లుతాయి. అందుకే ప్రతి వైపు చివరా నెమ్మది పాట. రెండో వైపు ముగింపు కోసం పాటల వరస ఒకసారి మార్చాల్సి వచ్చింది.

మిగిలిన పని

స్టేజీ కోసం ఆర్కెస్ట్రా ట్రాకులు దింపుతున్నాం: ఒక చానెల్‌లో ఆర్కెస్ట్రా, రెండో దానిలో డ్రమ్మర్‌కి క్లిక్. అయిదో, ఏడో పాటలకి అర్ధస్వరం దించిన రెండో ప్రతి కూడా తీస్తున్నాం, వరసగా రెండు రాత్రులు పాడాల్సి వస్తే పనికొచ్చేలా. గిటార్, బాస్ రెంటినీ ఇంకో అర్ధస్వరం దించితే సరి. శాంపిళ్లు మిడిలోనే దిగుతాయి, టెంపో మ్యాప్ అదే. అసలు వయొలిన్, చెల్లో టేకుల్ని సాఫ్ట్‌వేర్‌తో దించి చూశాం, విల్లు గరుకు జిగటగా మారింది. ఆ ప్రతుల్లో వాటిని తీసేశాం.